తేట నీళ్లు

బర్మింగ్‌హామ్

అక్కా,

అందరూ బాగున్నారా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా?

నేను చేసే పని ఏంటని అమ్మ అడిగిందట. ప్రైమరీ స్కూళ్లకు సామాను పెట్టె పట్టుకెళ్లి పిల్లల చేత సైన్స్ ప్రయోగాలు చేయిస్తానని చెప్పు. చేసేదంతా వాళ్లే, నేను పక్కన ఉంటాను.

మొన్న నీళ్లు వడకట్టించాను. ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, తలకిందులు పెట్టి, మూతి దగ్గర దూది, దాని మీద బొగ్గుపొడి, ఇసుక, గులకరాళ్లు. బురద నీళ్లు పోస్తే కింద గ్లాసులోకి తేటగా దిగాయి. ఎనిమిదేళ్ల బాబు ఒకడు గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి "ఇక తాగొచ్చా?" అన్నాడు.

వద్దన్నాను. కంటికి కనపడని క్రిముల సంగతి చెప్పాను. అక్కడితో ఆపొచ్చు, కానీ మన నల్లగొండ జిల్లా మర్రిగూడ బోరు నీళ్లు గుర్తొచ్చాయి. అద్దంలా ఉండేవి కదా అక్కా! రంగు లేదు, వాసన లేదు, కానీ కరిగిన ఫ్లోరైడ్ ఎక్కువ. నాయనమ్మ నడుము వంచింది ఆ నీళ్లే. ఫొటోల్లో కూడా తెరవని నోరు తెరిచి వాళ్లకు నా పళ్లు చూపించాను. ఒక పాప దగ్గరకొచ్చి గోధుమరంగు చారలు చూసి "బ్రష్ చేస్తే పోవా?" అంది. పన్ను తయారయ్యేటప్పుడే పడ్డ మచ్చలు, పోవని చెప్పాను.

ఈ ఊళ్లో 1964 నుంచి పళ్లు పుచ్చకుండా నల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఉండేలా కలుపుతున్నారు, లీటరుకు 1 మిల్లీగ్రాము లెక్కన. మన దగ్గర అదే ఫ్లోరైడ్‌ను తీసేయడానికి పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మోతాదే తేడా. మన దేశంలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు.

తేట నీళ్లలోనూ ఏదైనా కరిగి ఉండొచ్చని పిల్లలకు నమ్మకం కుదరాలని ఆ వడపోతలోనే ఉప్పునీళ్లు పోయించాను. దిగిన నీళ్లు ప్లేటులో పోసి, ఎండ లేదు కాబట్టి రేడియేటర్ పక్కన పెట్టాం. ఆరాక ప్లేటు అంచున తెల్లటి పొర మిగిలింది. ఇసుక బురదను ఆపింది కానీ కరిగినదాన్ని ఆపలేకపోయింది.

ఇది నీ బడిలో కూడా చేయించక్కా. మన ఎండకు ఒక్క పూట చాలు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, నిజమే. కానీ నల్లా రాని రోజు బిందె పట్టుకుని వెళ్లేది బోరింగు దగ్గరికే కదా. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుందని కూడా చెప్పు.

బొగ్గు మాత్రం బాగా కడిగించు. లేకపోతే మొదటి గ్లాసు నల్లగా దిగి పిల్లలు డీలా పడతారు. తెల్లపొర చూసి వాళ్లేమన్నారో వాళ్ల మాటల్లోనే రాయి.

నీ తమ్ముడు