ఆ 11 స్టాంపులు వెనక్కి తెచ్చివ్వండి

ఉగాది తర్వాత గాంధీ రోడ్డులోని మన స్టాంపుల కొట్లో 'రెఫ్యూజీ రిలీఫ్' ముద్ర ఉన్న 5 పైసల స్టాంపులు కొన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అవి దొంగ ముద్రలు. ఒక్కోటి 300 చొప్పున 11 అమ్మాను. తెలిసి అమ్మలేదు గానీ, సరిగ్గా చూడకుండా అమ్మాను. తప్పు నాదే.

కనిపెట్టింది కూడా నేను కాదు. చంద్రగిరి నుంచి వచ్చే ఒక మాస్టారు పోయిన మంగళవారం తాను కొన్న స్టాంపును గాజు బల్ల మీద పెట్టి, "ఏమప్పా, పోస్టాఫీసు ముద్ర పైనుందా, ఈ రబ్బరు ముద్ర పైనుందా? నిదానంగా చూసి చెప్పు" అన్నారు. భూతద్దం పెట్టి చూస్తే పోస్టాఫీసు ముద్ర గీతల మీదుగా ఊదారంగు అక్షరాలు పోతున్నాయి. అంటే ఉత్తరం మీద వాడేసి, నానబెట్టి ఊడదీశాక ఎవడో తీరిగ్గా కొట్టాడన్నమాట. పైగా పోస్టాఫీసువాళ్ల గుండ్రటి ముద్రలో ఒక మూల '70' కనబడుతోంది. ఈ రెఫ్యూజీ రిలీఫ్ పన్ను మొదలైందే 1971 నవంబరు 15న! నా ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కొత్తవాళ్లకు కాస్త చెప్పాలి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన దాదాపు కోటి మంది శరణార్థుల కోసం ఉత్తరాల మీద అదనంగా 5 పైసలు వసూలు చేశారు. 1973 మార్చి దాకా నడిచింది. కొత్త స్టాంపు వచ్చేలోపు, కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న 5 పైసల స్టాంపు మీదే ముద్ర వేశారు. నాసిక్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చు వేసినవి మామూలు ధరకే దొరుకుతాయి. కొన్ని ఊళ్లలో అప్పటికప్పుడు రబ్బరు ముద్రలు కొట్టారు చూడండి, గిరాకీ వాటికే. దొంగలకూ అవే ఇష్టం. ఒక రబ్బరు ముద్ర, ఒక ఇంకు ప్యాడు ఉంటే చాలు కదా.

డబ్బు పూర్తిగా వాపసిస్తాను. బయటి ఊరివాళ్లు స్పీడ్ పోస్టులో పంపండి, ఆ ఖర్చూ నాదే. వెనక్కి వచ్చినవాటి వెనక పెన్సిల్‌తో 'నకిలీ' అని రాసి బల్ల మీదే ఉంచుతాను, చూసుకోవడానికి. ఇకమీదట రబ్బరు ముద్రవి విడిగా అమ్మను. తేదీ కనబడే పూర్తి కవరు మీద ఉంటేనే అమ్ముతాను.

'ఆకుపచ్చ పోస్టేజ్ ఉందా' అని అడుగుతున్నారు కొందరు. 1866లో ఫారిన్ బిల్ (విదేశీ హుండీల మీద అంటించే) రెవెన్యూ స్టాంపులను పైనా కిందా కత్తిరించి, ఆకుపచ్చ సిరాతో పోస్టేజ్ అని కొట్టినవి అవి. వాటిలోనూ దొంగవి ఉన్నాయి. నా దగ్గర లేవు. ఉంటే ఈ ఒంటి ఫ్యాను కొట్లో ఎందుకు కూర్చుంటాను?

చిత్తూరు వైపు నుంచి ఒక ట్రంకు పెట్టెడు పాత ప్రోనోట్లు మాత్రం వచ్చాయి. మూడేళ్లకే కాలదోషం పట్టిన కాగితాలు గానీ, రెవెన్యూ స్టాంపు మీది రాజుగారి బొమ్మ మీదుగా అడ్డంగా పెట్టిన సంతకాలు భలే ఉన్నాయి. మీ ఇళ్లలో ఉంటే స్టాంపు ఊడదీయకండి, కాగితంతోనే తెండి.

మాస్టారికి 300 ఇవ్వబోతే తీసుకోలేదు. స్టాంపు వెనక్కి పట్టుకెళ్లారు. ఆయన ఆల్బమ్‌లో దొంగ సరుక్కి ఒక పేజీ ఉందట. అందులో నేను అమ్మినవాటిలో ఇది రెండోదట.