తీర్థంలో చుక్క ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ భక్తి పేజీలో 'తీర్థం' మీద వేసిన బాక్స్ ఐటెమ్ గురించి ఈ ఉత్తరం. ఎవరో ఒక పంతులుగారు రాస్తారులే అని ఆరు రోజులు ఆగాను. ఎవరూ రాసినట్టు లేదు. తీర్థమంటే గుళ్ళో చేతిలో పోసే పవిత్ర జలమనీ, జైనుల తీర్థంకరులకు ఆ పేరు కూడా అందులోంచే వచ్చిందనీ నాలుగు ముక్కల్లో తేల్చేశారు. పైగా ఆ మాట ఎన్ని చోట్ల వచ్చిందో అన్ని చోట్లా 'తీర్ధం' అనే అచ్చయింది.

ముందు అచ్చు సంగతి. నేను ఇరవై రెండేళ్ళు సీసం అక్షరాలు ఏరి కంపోజ్ చేసినవాణ్ణి. థ వత్తుకీ ధ వత్తుకీ తేడా పొట్టలో ఒక్క చుక్క. కరెంటు పోతే దీపం దగ్గర పట్టుకుని మరీ ఆ చుక్క చూసుకునేవాళ్ళం. తప్పిపోతే మా ఫోర్‌మన్ ప్రూఫు మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "కళ్ళు యాడ పెట్టినావబ్బయా" అనేవాడు. ఇప్పుడు కంప్యూటర్లో ఒక మీట నొక్కితే పడే చుక్క, మీ ఆఫీసులో ఇంతమంది ఉండీ పడలేదు. ఒక్క తీర్థమే అయితే ఊరుకుందును. 'అర్థం' కాస్తా 'అర్ధం' అయి సగమే మిగిలింది. బడి గోడల మీదే 'విద్యార్ధి' అని రంగుతో రాయిస్తుంటే ఇక పిల్లలకు ఎవరు చెప్పాలి?

ఇక అసలు విషయం. తీర్థమంటే మొదట నీళ్ళు కాదు, నీళ్ళలోకి దిగే చోటు, దాటే చోటు. మన భాషలో రేవు. దాటడం అనే ధాతువు నుంచి పుట్టిన మాట అది. తరించడం, తారకం, అవతారం అన్నీ ఆ ఇంటి పిల్లలే. జనం దిగి స్నానం చేసే రేవు పుణ్యస్థలమైంది, ఆ స్థలంలో నీళ్ళు పుణ్యజలమయ్యాయి, చివరికి అది మన అరచేతిలోకి ఉద్ధరిణెడు వచ్చింది. మీ వ్యాసకర్త ఆ ఉద్ధరిణెతో మొదలుపెట్టి వెనక్కి నడిచారు.

జైనులకు తీర్థంకరుడంటే సంసారం దాటడానికి రేవు ఏర్పరచినవాడు. ఋషభుడి నుంచి మహావీరుడి దాకా 24 మంది. సాధువులు, సాధ్వులు, శ్రావకులు, శ్రావికలు (అంటే ఇళ్ళల్లో ఉండే మగ, ఆడ భక్తులు), ఈ నలుగురూ కలిసిన సంఘాన్నే వాళ్ళు తీర్థమంటారు. అంటే మనుషులే రేవు. అందులో తులసాకు ఎక్కడ కనిపించిందో మీ వ్యాసకర్తకే తెలియాలి. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో ఇదే మాట 'తిత్థ'. బౌద్ధులు తమ దారిలో లేనివాళ్ళను 'తిత్థియులు' అన్నారు. వేరే రేవులవాళ్ళని, కాస్త ఎత్తిపొడుపుగానే. ఒక మతంలో గౌరవం, పక్క మతంలో దెప్పు, మాట మాత్రం ఒకటే. సిక్కుల ప్రార్థన జపుజీలో గురునానక్ అదే మాటను 'తీరథ్' అన్నాడు. దేవుడికి నచ్చితే అదే నాకు తీర్థస్నానం, నచ్చకపోతే మునిగి ఏం లాభం అని ఆ మాటల భావం.

మనలోనూ ఒక్క అర్థం లేదు. గురువూ తీర్థమే. ఒకే గురువు దగ్గర చదువుకున్నవాళ్ళు అందుకే సతీర్థ్యులు. సన్యాసుల పేర్ల చివర తీర్థ అని ఉంటుంది. అరచేతిలోనే తీర్థాలున్నాయి: వేళ్ళ కొసలు దేవతలకు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పితృదేవతలకు. తర్పణం వదిలేటప్పుడు నీళ్ళు ఆ సందులోంచే ఎందుకు జారాలంటారో మా నాన్న పోయిన ఏడాదిగానీ నాకు తెలియలేదు. కోనసీమ జగ్గన్నతోటలో కనుమనాడు ప్రభల తీర్థమంటే మనం తిరనాళ్ళ అనే జాతర. మన జిల్లాలో విడవలూరు దగ్గర రామతీర్థానికి సముద్రస్నానానికి పోతాం. చీమకుర్తి దగ్గర రామతీర్థం జలాశయం నీళ్ళు ఒంగోలు తాగుతుంది. మీ లెక్కన ఇవన్నీ ఉద్ధరిణెలే కాబోలు.

మన నెల్లూరు స్వర్ణాల చెరువులో మొహర్రం రోజుల్లో రొట్టె పట్టుకుని నిలబడేవాళ్ళను చూడండి. మోకాళ్ళ లోతు నీళ్ళు, తడిసిన చీర కుచ్చెళ్ళు, ఒక చేతిలో రొట్టె, ఇంకో చేత్తో పిల్లవాడి రెక్క. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్ళు పుచ్చుకుంటారు. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఏ మతమో ఎవరూ అడగరు. దాన్ని ఎవరూ తీర్థమనరు గాని, ఆ మాట అసలు అర్థానికి మన ఊళ్ళో అంతకన్నా దగ్గరి చోటు నాకు కనపడదు.

మరి పేరుకు తీర్థమని బోర్డున్న చోటు సంగతి? పెన్న ఒడ్డున ఒక రేవు, ఏదో చెప్పను. అక్కడ నీలం రేకు మీద 'పుణ్య తీర్ధ ఘాట్' అని ఈమధ్యే రాయించారు. చుక్క అక్కడా లేదు. బోర్డు కింద మెట్లు నాలుగు కనిపిస్తాయి, అయిదోది బురదలో. పక్కనే మురుగు పైపు. ఎగువన సోమశిల డ్యాము నుంచి నీళ్ళు వదలనన్నాళ్ళు ఆ పైపు నీళ్ళే నదీజలం. మెట్ల మీద ఖాళీ సీసాలను బట్టి చూస్తే, రాత్రిపూట 'చుక్క' వేసుకునేవాళ్ళకు మాత్రం లోటు లేదు. వాళ్ళూ దాన్ని తీర్థమనే అంటారు లెండి. కార్తీకమాసంలో మా ఆవిడ దీపం వదలడానికి పోయి, అరటిదొప్ప తేలేందుకు నీళ్ళు చాలక మెట్టు మీదే పెట్టి వచ్చింది. సంబంధిత ఆఫీసుకు రెండుసార్లు పోయాను. మొదటిసారి సారు మీటింగులో ఉన్నారు, రెండోసారి సారు మారారు.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజ్యంలోని పెద్ద అధికారులను పద్దెనిమిది తీర్థాలన్నాడు. పన్నులు వసూలు చేయించే సమాహర్త కూడా వాళ్ళలో ఒకడు. జనం రాజు దాకా చేరే రేవులు వాళ్ళే అనుకుంటాను. వాళ్ళ మీద వేగులను పెట్టమని కూడా ఆయనే రాశాడు. ఎందుకో, ఆ ఆఫీసు వరండాలో బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాక నాకు బాగా అర్థమైంది. (ఇక్కడ చుక్క ఉందో లేదో చూసి వేయండి.)

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఎన్నికలప్పుడు 'ఫలానా పార్టీ తీర్థం పుచ్చుకున్న ఫలానా నాయకుడు' అని రోజుకు నాలుగు హెడ్డింగులు పెడతారే, అవి ధాత్వర్థం ప్రకారం సరిగ్గా ఉన్నాయి. ఈ రేవు నుంచి ఆ రేవుకు దాటడమే కదా. కాకపోతే అక్కడా 'తీర్ధం' అనే వేస్తున్నారు.

భక్తి పేజీలోనే, అదే చోట, అంతే సైజు అక్షరాల్లో సవరణ వేయమని మనవి. అది కుదరక ఈ ఉత్తరమే వేస్తే, తగ్గించాలనుకున్నచోట తగ్గించుకోండి, నా పేరూ అక్కర్లేదు. హెడ్డింగులో చుక్క మాత్రం తీసేయకండి.

ఇట్లు,
ఒక పాత కంపోజిటర్,
మూలాపేట, నెల్లూరు