నీళ్ల గంట కొట్టారు సరే, తలుపుకు గొళ్లెం ఏది?

సంపాదకుల వారికి,

ఎండలు మొదలయ్యాయంటే రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలో మీ పత్రికతో సహా అందరూ చెబుతారు. మంచిదే. కానీ అన్నీ తెలిసి కూడా తాగనివాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. బద్ధకించి కాదు, తాగాక వెళ్లడానికి చోటు లేక.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఆరేళ్లు తెలుగు చెప్పి ఈమధ్యే పదవీ విరమణ చేశాను. పిల్లలకు నీళ్లు తాగమని గుర్తుచేస్తూ బడిలో గంట కొట్టే 'వాటర్ బెల్' 2019లో కేరళ బడుల్లో మొదలై, ఆ తర్వాత మన రెండు రాష్ట్రాలకూ వచ్చింది. గంట మోగగానే మగపిల్లలు సీసాలెత్తి గటగటా తాగేసేవారు. ఆడపిల్లలు మూత తీసి, పెదవులు తడుపుకొని పెట్టేసేవారు. పొద్దున ఇంట్లో నింపుకున్న సీసా సాయంత్రం దాదాపు అలాగే ఇంటికి వెళ్లేది. తొమ్మిదో తరగతి పిల్లను అడిగితే "తాగితే వెళ్లాలి కదా టీచర్" అంది. వెళ్లాల్సినచోట తలుపుకు గొళ్లెం లేదు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకొని నిలబడాలి. కుళాయి ఉంది, నీళ్లు రావు.

ఆ పిల్లను ఏమని మందలించను? నేనూ పొద్దున కాఫీ తాగి బస్సెక్కితే, ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్లు ముట్టేదాన్ని కాదు. రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో మంచం పట్టాను. ఆడవాళ్లకు మూత్రనాళం పొట్టిగా ఉంటుందని, సూక్ష్మజీవులు తేలిగ్గా లోపలికి చేరతాయని, నీళ్లు తగ్గించి ఆపుకుంటే అవి అక్కడే పెరుగుతాయని డాక్టరు గారు బొమ్మ గీసి మరీ చెప్పారు. బాగానే అర్థమైంది. సెలవు ముగిసి బడికి వెళ్తే ఆ తలుపు మాత్రం అలాగే ఉంది.

చీరల దుకాణాల్లో రాత్రిదాకా నిలబడే అమ్మాయిలను, బస్సుల్లో మహిళా కండక్టర్లను అడిగి చూడండి, ఇదే కథ చెబుతారు. కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు మొదట గొంతెత్తింది మూత్రశాలల కోసమే. ఆ పోరాటమే పెరిగి, పనిలో కూర్చునే హక్కు కోసం 2018లో అక్కడి చట్టాన్ని సవరించేదాకా వెళ్లింది.

చలివేంద్రాలను నేను తప్పుపట్టడం లేదు. దాహం తీర్చడాన్ని పుణ్యంగా చూసే నేల మనది. అయితే కుండ పక్కన రిబ్బను కత్తిరించి ఫొటో దిగిన పెద్దలెవరూ దగ్గర్లోని మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుందని అడగరు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం. సంతోషం. నేను దిగిన ఒక బస్టాండులో మూత్రశాల గోడ మీద కూడా 'ఉచితం' అనే రాసి ఉంది, దాని కిందే బల్ల వేసుకొని ఒకాయన ఐదేసి రూపాయలు వసూలు చేస్తున్నాడు!

బడుల్లో ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. చాలాచోట్ల గదులు కట్టారు కూడా. ఇప్పుడు కావలసినవి గొళ్లెం, కుళాయిలో నీళ్లు, రోజూ కడిగే మనిషి, ఆ మనిషికి నెలనెలా జీతం. విద్యాశాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు గంట ఎన్నిసార్లు కొట్టారో రిజిస్టర్లో చూసినంత మాత్రాన పిల్లలు తాగారో లేదో తెలియదు. సాయంత్రం నాలుగింటికి ఆడపిల్లల నీళ్ల సీసాలు ఒక్కసారి ఎత్తి చూడమనండి.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ప్రకాశం జిల్లా