జీతం మిగిలింది సరే, ఆ నిమిషాలు ఎవరు ఆడతారు?

సంపాదకుల గారికి,

నమస్కారం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్ల జీతాల కోత గురించి ఇటీవల మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. వయసు మళ్లిన ఆటగాణ్ణి సకాలంలో వదిలించుకుని డబ్బు మిగుల్చుకున్న యాజమాన్యమే తెలివైనదన్న ధోరణిలో అది సాగింది. ఉద్యోగరీత్యా ముప్పై ఏళ్లు ఇతరుల లెక్కలు తనిఖీ చేసిన వాణ్ణి గనుక మిగులు కనిపిస్తే ముచ్చటపడే గుణం నాకూ ఉంది. అయితే ఆ వ్యాసంలో మిగిలిన సొమ్ము గురించి అంకెలతో సహా రాశారు గాని, వెళ్లిపోయిన ఆటగాడి పని ఎవరికి అప్పగించారన్నది ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు. నా అభ్యంతరం అక్కడే.

2013 జూలైలో మయామీ హీట్ జట్టు మైక్ మిల్లర్‌ను వదులుకున్న తీరు చూడండి. వరుసగా రెండో టైటిల్ గెలిచి అప్పటికి నెల తిరగలేదు. మిల్లర్‌కు 33 ఏళ్లు, పైగా వెన్నునొప్పి. ఆ సీజన్‌లో ఆటకు సగటున పదిహేను నిమిషాలే కోర్టులో ఉన్నాడు, సగటున ఐదు పాయింట్లు కూడా చేయలేదు. రాబోయే సీజన్‌కు అతని జీతం సుమారు 62 లక్షల డాలర్లు. కాగితం మీద ఇంతకన్నా తేలికైన నిర్ణయం ఉండదు.

ఐపీఎల్‌లో పర్సు దాటి ఒక్క రూపాయి ఖర్చు పెట్టడానికి వీలుండదు కాబట్టి, అది అలవాటైన మన పాఠకులకు ఇక్కడ కొంత వివరణ అవసరం. ఎన్‌బీఏలో వేతన పరిమితి ఉన్నప్పటికీ సొంత ఆటగాళ్లను నిలుపుకోవడానికి దాన్ని దాటవచ్చు. అలా దాటుకుంటూ పోయి ఇంకో గీత కూడా మీరితే లీగ్‌కు పన్ను కట్టాలి. 2012-13 దాకా మీరిన ప్రతి డాలరుకు ఒక డాలరే పన్ను. ఆ మరుసటి సీజన్ నుంచి అది మెట్లు మెట్లుగా పెరిగే పన్ను అయింది: మీరిన సొమ్ములో మొదటి 50 లక్షలకు డాలరుకు ఒకటిన్నర, తర్వాతి 50 లక్షలకు ఒకటీ ముప్పావు, ఆ పైన 50 లక్షలకు రెండున్నర, ఇంకా పైకి పోతే మూడుంబావు. లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ముగ్గురినీ ఒకే జట్టులో పోషిస్తున్న మయామీ సరిగ్గా ఆ పై మెట్ల మీద నిలబడి ఉంది. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య అప్పుడున్న ఒప్పందంలో ఒక వెసులుబాటు కూడా ఉండేది. 2011 ఒప్పందానికి ముందే సంతకం చేసిన ఆటగాళ్లలో ఒకరిని, అదీ ఒక్కసారి మాత్రమే, జట్టు వదులుకోవచ్చు. జీతం ఇవ్వక తప్పదు గాని అది పన్ను లెక్కలోకి రాదు. దాన్ని మిల్లర్ మీద వాడితే ఒక్క సీజన్ పన్నులోనే కోటీ 70 లక్షల డాలర్ల దాకా మిగులుతుందని అప్పటి వార్తల అంచనా. 62 లక్షల మనిషిని పంపిస్తే కోటీ 70 లక్షలు మిగలడమంటే, ఆ స్థానంలో నేనున్నా సంతకానికి కలం తీసేవాణ్ణేమో.

కాని మిల్లర్ చేసే పని సీజన్ సగటులో కనిపించేది కాదు. 2012 ఫైనల్స్ (టైటిల్ కోసం ఏడు ఆటల దాకా సాగే పోరు) చివరి ఆటలో, నడుము పట్టేసి సరిగా నడవలేని స్థితిలో బెంచి మీద నుంచి లేచి వచ్చి, మూడు పాయింట్ల గీత అవతల నుంచి ఎనిమిది సార్లు విసిరి ఏడు బుట్టలో వేశాడు. మొత్తం 23 పాయింట్లు. మరుసటి ఏడాది ఫైనల్స్‌లో నాలుగో ఆట నుంచి కోచ్ స్పోల్‌స్ట్రా అతన్ని ఆరంభ జట్టులోకే తీసుకున్నాడు. ఆరో ఆట మనకు జూన్ 19 పొద్దున్నే వచ్చింది. ఓడితే టైటిల్ ప్రత్యర్థి శాన్ ఆంటోనియోదే. పది పాయింట్ల వెనుకబాటుతో నాలుగో క్వార్టర్ మొదలయ్యాక మిల్లర్ కాలి బూటు ఒకటి ఊడిపోయింది. తొడుక్కునే వ్యవధి లేదు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో పరుగెత్తి, బంతి అందిన చోటే లేచి విసిరాడు. మూడు పాయింట్లు పడ్డాయి. నా చేతిలోని కాఫీ అప్పటికే చల్లారిపోయింది. ఇంకో 5.2 సెకన్లు ఉండగా సహచరుడు రే అలెన్ మూల నుంచి వేసిన బంతినే లోకం గుర్తుపెట్టుకుంది, న్యాయమే. ఆ బంతి దాకా ఆట బతికి ఉండటంలో ఈ మేజోడు వాటా కూడా ఉందని నేను ఇప్పటికీ వాదిస్తాను.

మిల్లర్‌ను పంపేశాక మయామీ తెచ్చుకున్నవారిలో ఎక్కువగా వినబడ్డ పేర్లు మైకేల్ బీస్లీ, మోకాళ్ల గాయాలతో 2009 డిసెంబరు తర్వాత ఎన్‌బీఏలో ఒక్క ఆటా ఆడని గ్రెగ్ ఓడెన్. ఇద్దరూ కనీస వేతనానికి వచ్చినవారే. వారిలో ఒక్కరూ దూరం నుంచి బంతి వేయడానికి పేరుపడ్డవారు కారు. మిల్లర్ మెంఫిస్ జట్టులో చేరి ఆ సీజన్‌లో 82 ఆటలకు 82 ఆడాడు, మూడు పాయింట్ల ప్రయత్నాల్లో దాదాపు 46 శాతం సఫలమయ్యాడు. జీతంలో ఎక్కువ భాగం మయామీది, ఆట మెంఫిస్‌ది. లాభం గూబల్లోకి రావడమంటే ఇదే కాబోలు.

మిల్లర్ ఉండి ఉంటే 2014 ఫైనల్స్ మయామీ గెలిచేదని నేను అనను. ఐదు ఆటల్లో కలిపి 70 పాయింట్ల తేడాతో శాన్ ఆంటోనియో ఓడించింది. ఆ తేడాను ఏ ఒక్క మనిషీ పూడ్చలేడు. అతని వెన్ను మరో ఏడాది అంత బాగా సహకరిస్తుందని ముందుగా ఊహించడం కూడా ఎవరి తరమూ కాదు. అయితే మిల్లర్‌ను పంపడం లెబ్రాన్‌కు నచ్చలేదని ఆ రోజుల్లోనే వార్తలు వచ్చాయి. 2014 జూలై 11న లెబ్రాన్ క్లీవ్‌లాండ్‌కు తిరిగి వెళుతున్నట్టు ప్రకటించాడు, అదే వేసవిలో మిల్లర్ కూడా అక్కడికే చేరాడు. లెబ్రాన్ వెళ్లడానికి సొంతూరు మొదలుకొని చాలా కారణాలున్నాయి. వాటిలో ఇదెంతో తూచి చెప్పలేం గాని, మిగులు లెక్క రాసిన పుటలో ఇది లేదన్నది మాత్రం నిజం.

పాతవాణ్ణి ఎప్పుడూ వదులుకోకూడదని నా వాదన అనుకోవద్దు. 2024లో డెన్వర్ నగ్గెట్స్ కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్‌ను పోనిచ్చింది. అప్పటికి పన్ను గీతకు పైన ‘రెండో గీత’ (సెకండ్ ఏప్రన్) అనే కొత్త అడ్డంకి వచ్చింది. దాన్ని మీరిన జట్టుకు ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి మార్చుకునే వీలుండదు. ఓర్లాండో జట్టు అతనికి మూడేళ్లకు 6 కోట్ల 60 లక్షల డాలర్లు ఇచ్చి, ఏడాదికే మెంఫిస్‌కు పంపేసింది. డెన్వర్‌లో అతని స్థానం ఎవరిదో ముందే తెలుసు: క్రిస్టియన్ బ్రౌన్. అతను ఆ సీజన్‌లో సగటున 15 పాయింట్లకు పైగా చేసి నమ్మకం నిలబెట్టాడు. ఆ మేరకు డెన్వర్ లెక్క మయామీ లెక్క కన్నా నయం. కాకపోతే బ్రౌన్ ఆరంభ జట్టులోకి వెళ్లడంతో బెంచి మీద అతని కుర్చీ ఖాళీ అయింది, దాన్ని నింపేవారు దొరకలేదు. జట్టుకు మూలస్తంభమైన యోకిచ్ విశ్రాంతికి వెళ్లిన ప్రతిసారీ చూసేవాళ్ల గుండె దడదడలాడేది. 2025 ప్లేఆఫ్స్‌లో డెన్వర్ ఆ ఏటి విజేత ఓక్లహామా సిటీతో ఏడో ఆట దాకా పోరాడి ఓడిపోయింది.

అందుచేత మీ క్రీడా విభాగానికి నా విన్నపం ఒకటే. ఇకపై ఏ జట్టయినా సీనియర్ ఆటగాణ్ణి వదులుకున్న వార్త వేసినప్పుడు, మిగిలిన డాలర్ల పక్కనే అతను ప్లేఆఫ్స్‌లో ఎన్ని నిమిషాలు ఆడాడో, ఆ నిమిషాలు ఇప్పుడు ఎవరికి దక్కుతాయో, వారి పాత నిమిషాలను ఎవరు తీసుకుంటారో కూడా వేయండి. జట్టు దగ్గర జవాబు లేకపోతే లేదనే అచ్చు వేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆడిటర్,
విజయవాడ