జోషీమఠ్ నుంచి అమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

"హాయిగా ఊళ్లు తిరుగుతూ ఇంటి గురించి బెంగేంటమ్మా" అని మెసేజ్ పెట్టావు. ఫోన్లో అందరూ పక్కనే ఉంటారు, నింపాదిగా మాట్లాడటం కుదరదు. అందుకే రాస్తున్నా. వచ్చే నెల నువ్వు ఉద్యోగానికి నోయిడా వెళ్తున్నావు, నీకూ పనికొస్తుంది.

యాత్ర చాలా బాగా జరుగుతోంది. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలన్న నాయనమ్మ కోరిక తీరింది. గయలో పిండప్రదానం అయ్యాక తాతయ్య ఆచారం ప్రకారం ఒక పండూ ఒక కూరా వదిలేశారు. కాకరకాయ వదిలెయ్యండి తాతయ్యా అని తమ్ముడు సలహా ఇచ్చాడు. "ఇష్టం లేనిది వదిలితే వదిలినట్టా?" అని ఆయన వంకాయ వదిలేశారు. గుత్తి వంకాయ అంటే ఎంత ప్రాణమో నీకు తెలుసుగా! ఇక ఆయన కంచంలో వంకాయ ఉండదు, గుర్తుపెట్టుకో. అంతటిదాన్ని ఒక్క మాటతో వదిలేసిన మనిషికి పొద్దున్నే తెలుగు పేపరు లేకపోతే కాలూ చెయ్యీ ఆడటం లేదు. పచ్చడి సీసాలకు చుట్టి తెచ్చిన పాత పేపర్లు విప్పి, ముడతలు సాపు చేసుకుని, సినిమా ప్రకటనలతో సహా చదివేశారు.

ఆయన్ని చూస్తుంటే, పెద్దవి ఎలాగోలా వదులుకోగలం గానీ రోజూ చేతికందే చిన్నది లేకపోతేనే మనసు కొట్టుకుంటుందనిపించింది. అది ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి. తమ్ముడికి ఫ్యాను చప్పుడు. ఇక్కడి చలికి గదిలో ఫ్యానే లేదు. మూడు రజాయిలు కప్పుకుని కూడా నిద్ర పట్టక దొర్లుతుంటే, మీ నాన్న ఫోన్లో ఫ్యాను శబ్దం వెతికి పెట్టారు. అయిదు నిమిషాల్లో గుర్రు!

నాయనమ్మకేమో పెరుగు. రొట్టెలు, ఆవనూనె కూరలు ఎలాగో సర్దుకున్నారు. బాస్మతి అన్నం పొడిపొడిగా ఉండి ముద్ద కలవదన్నా తినేశారు. చివర్లో పెరుగన్నం లేకపోతే మాత్రం భోజనం చేసినట్టే ఉండదు ఆవిడకి. కాశీలో మట్టి పిడతల్లో గడ్డపెరుగు దొరికింది కాబట్టి బాధ లేదు. ఈ కొండల్లోకి వచ్చాక తోడు వేసిన పాలు తెల్లారినా పాలలాగే ఉండేవి. రెండు రోజులు ఏమీ అనకుండా మజ్జిగ లేకుండానే లేచారు. మూడో రోజు సత్రం వంటాయన దగ్గర పాలు కాచి తెచ్చి, గోరువెచ్చగా ఉండగానే తోడు వేసి, గిన్నెని తన శాలువాలో చుట్టి, సూట్‌కేసులో స్వెట్టర్ల మధ్య పెట్టి మూత వేశారు. రాత్రి ఎవ్వరినీ సూట్‌కేసు తెరవనివ్వలేదు. పొద్దున్నే చెంచా పెడితే గాటు పడింది. ఆవిడ మొహంలో వెలుగు నువ్వు చూడాల్సింది. బద్రీనాథుడి దర్శనం ఇంకా కాలేదు గానీ సగం పుణ్యం అప్పుడే వచ్చినట్టుంది.

నాకు ఏం లోటు అనిపిస్తోందో అడగలేదు నువ్వు. తెల్లవారుజామున మన వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి తాగే కాఫీ. మీరెవరూ లేవకముందు, ఎవరికీ ఏమీ అందించక్కర్లేని ఆ పావుగంట. ఇక్కడ అయిదుగురం ఒకే గదిలో ఉన్నాం. మీరంటే నాకు ప్రాణం, అయినా ఆ పావుగంట నాది. ఇప్పుడు అందరికంటే ముందు లేచి, స్టీలు గ్లాసులో ఇన్‌స్టంట్ కాఫీ కలుపుకుని, సత్రం వరండాలో కొండల వైపు తిరిగి కూర్చుంటున్నా. రుచి మన డికాక్షన్‌ది కాదు. కానీ రోజంతా ఎవరి మీదా విసుక్కోకుండా ఉండగలుగుతున్నా.

నువ్వు కూడా వెళ్లేముందు నీకు అలాంటిది ఏదో చూసుకో. పచ్చళ్లూ పొడులూ ఎలాగూ కడతాను, అవి కాదు. దిండా, పాత దుప్పటా, సాయంత్రం టీవీ చప్పుడా? ఏదైనా సరే, సిగ్గుపడకుండా వెంట తీసుకెళ్లు. ఇంత చిన్నదానికి బెంగేంటని రూంమేట్స్ అంటే అననీ. ఇంకో మాట, మొదటి నెలంతా "మా గుంటూర్లో అయితే" అని పోల్చకు. పోల్చిన పూట తిండి ఒంటబట్టదు, ఈ యాత్రలో నేను కళ్లారా చూశాను.

చిన్న కుక్కర్ నువ్వే తీసుకెళ్లు. ఇక్కడికి దాన్ని తేనందుకు ఇబ్బందిగా ఉంది. బద్రీనాథ్ పదివేల అడుగుల పైమాటే. అంత ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన మెదగదు. నోయిడాలో ఆ బాధ లేదనుకో, అయినా ఒక్కదానివి, గ్యాసు ఆదా. గ్యాస్కెట్ పాతబడింది, కొత్తది కొనిపించు. పోపు గరిటె బియ్యం డబ్బా వెనకాల మేకుకి ఉంటుంది, అమ్మమ్మని అడుగు.

శనివారం బద్రీనాథ్ బయల్దేరుతున్నాం. సిగ్నల్ ఉంటే పైనుంచి ఫోన్ చేస్తాం, తాతయ్యకి ఆ రోజు పేపర్లో ముఖ్యమైన వార్తలు చదివి వినిపించు.

ప్రేమతో,
అమ్మ