కార్యదర్శి వార్షిక నివేదిక: ఎండ వేరు, వేడి వేరు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదికలో సమావేశాలు, మరమ్మతులు, మొక్కల పెంపకం వరసగా చెప్పుకుంటాం. ఈ ఏడాదీ అవన్నీ జరిగాయి. కార్యవర్గం నెలనెలా కలిసింది. నీటి ట్యాంకులు కడిగించాం, మెట్ల దగ్గర పాడైన దీపాలు మార్పించాం. జమాఖర్చుల లెక్క కోశాధికారి విడిగా మీ ముందు పెడతారు. ఇక మిగిలిన నివేదికంతా వేసవి గురించే. వడగాడ్పులు వీచిన ఆ కొన్ని రోజుల్లో చేసిన పనే ఈ ఏడాది మన సంఘం చేసిన అన్ని పనుల్లోకీ ముఖ్యమైనదని నేను నమ్ముతున్నాను. అందులో సరిగ్గా చేసినవీ ఉన్నాయి, పొరబడినవీ ఉన్నాయి. రెండూ చెప్తాను.

మొదట మనం వేసుకున్న ప్రణాళిక

వేసవికి ముందు జరిగిన సమావేశంలో తీసుకున్న నిర్ణయాలన్నీ ఎండను తలచుకుని తీసుకున్నవే. గేటు దగ్గర తాగునీరు పెట్టాలి, వచ్చేపోయేవాళ్లు కాసేపు నిలబడడానికి నీడ ఏర్పాటు చేయాలి, మధ్యాహ్నం బయట పనులు పెట్టుకోవద్దని నోటీసు అంటించాలి. మూడూ చేశాం, మూడూ పనికొచ్చాయి. అయితే అవన్నీ బయట తిరిగేవాళ్ల కోసం చేసినవి. తలుపులు వేసుకుని ఇంట్లో ఉన్నవాళ్లకు ఏమీ కాదులే అనుకున్నాం. అక్కడే పొరబడ్డాం.

వడదెబ్బ అనే మాటలోనే ఆ సంగతి ఉంది. వడ అంటే వేడి. ఎండ తగలకపోయినా వేడి తగులుతుంది. 1995 జులైలో అమెరికాలోని షికాగో నగరంలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు, తమ ఇళ్లలోనే చనిపోయారు. 2003 ఆగస్టులో ఒక్క ఫ్రాన్సులోనే దాదాపు 15,000 మంది పోయారు, వాళ్లలోనూ ఎక్కువమంది వృద్ధులే. కుటుంబాలు సెలవులకు వెళ్లే నెల అది. తలుపు తట్టేవాళ్లు లేని ఇళ్లు ఎన్నో. ఈ వివరాలు ముందే చదివి ఉంటే మన మొదటి ప్రణాళిక మరోలా ఉండేది.

పై అంతస్తు, రాత్రి పూట

రెండో రోజు రాత్రి పై అంతస్తులో ఉంటున్న ఒక సభ్యుడు ఫోన్ చేసి, "బయటే చల్లగా ఉందండీ, లోపల ఉండలేకపోతున్నాం" అన్నారు. వెళ్లి చూస్తే నిజమే. పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతోంది. మర్నాడు కొన్ని ఇళ్లలో థర్మామీటర్లు పెట్టి చూశాం. కింది అంతస్తుకీ పై అంతస్తుకీ ఉన్న తేడా చూసి మేమే ఆశ్చర్యపోయాం.

గది ఉష్ణోగ్రత పగలు 32 డిగ్రీల సెల్సియస్, రాత్రి 24 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. శిశువులు, 60 ఏళ్లు దాటినవాళ్లు, దీర్ఘకాల జబ్బులున్నవాళ్లు ఉన్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. చాలా ఇళ్లలో అంత చల్లదనం సాధ్యం కాదు. కానీ రాత్రి విలువ ఎంతో ఆ అంకెను చూస్తే తెలుస్తుంది. పగలు వేడికి అలిసిన గుండె రాత్రి చల్లబడినప్పుడే తేరుకుంటుంది. వరసగా మూడు నాలుగు రాత్రులు ఆ తెరిపి దొరకకపోతే, ఏ జబ్బూ బయటపడని మనిషి కూడా ఉన్నట్టుండి కూలబడవచ్చు.

పగలు ఎండ పడే వైపు కిటికీలు మూసి, వీలైతే అద్దానికి బయటి వైపు నీడ పడేలా ఏదైనా కట్టమని అందరికీ చెప్పాం. లోపలి కర్టెన్ కంటే బయటి నీడ బాగా పనిచేస్తుంది, ఎండ అద్దం దాటకముందే ఆగిపోతుంది కనుక. బయటి గాలి గదికంటే చల్లబడ్డాకే కిటికీలు తెరవాలి. చల్లగాలి కోసమని మధ్యాహ్నమే కిటికీలన్నీ బార్లా తెరిచిన ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అప్పుడు లోపలికి వచ్చేది వేడిగాలే.

ఫ్యాను గురించి కూడా చెప్పాలి. ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుందంతే. ఆ గాలి చెమటను ఆరబెడితే మనకు చల్లగా ఉంటుంది. గది గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. వయసు మళ్లినవాళ్లకు చెమట తక్కువ పడుతుంది కనుక వాళ్లకు ఆ ఇబ్బంది ఇంకా ముందే మొదలవుతుంది. అలాంటప్పుడు చేతులు, మెడ, పాదాలు తడిపి ఫ్యాను కింద కూర్చుంటే ఆ తడి చెమట పని చేస్తుంది. తక్కువ నీళ్లతో అయ్యే ఉపాయం ఇది, చాలామందికి ఉపయోగపడింది.

తేమ ఉన్న రోజుల్లో లెక్క మారుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలో కేలరీల వేడి పోతుంది. ఆవిరి కాకుండా కారిపోయిన చెమట వల్ల నీళ్లూ ఉప్పూ పోవడం తప్ప చల్లదనం రాదు. అందుకే గాలి నిండా తేమ ఉన్న రోజు 36 డిగ్రీలు, పొడిగా ఉన్న రోజు 42 డిగ్రీల కంటే ప్రమాదం కావచ్చు. "నిన్నటికంటే ఇవాళ తక్కువేగా" అని అంకె చూసి నిశ్చింతగా ఉండడానికి లేదు.

ఫోన్లు చేసిన బృందం

మూడో రోజు నుంచి ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు, మంచం పట్టినవాళ్లకు రోజూ రెండుసార్లు ఫోన్ చేయడం మొదలుపెట్టాం. మొదట్లో "బాగున్నారా?" అని అడిగేవాళ్లం, "బాగున్నాం" అనేవాళ్లు. ఇబ్బందిలో ఉన్న మనిషి కూడా అలవాటు కొద్దీ అదే మాట అంటారు.

ఒక సాయంత్రం మన వాలంటీరు అమ్మాయి ఒక పెద్దావిడకు ఫోన్ చేస్తే ఆమె బాగానే ఉన్నానన్నారు. ఈ అమ్మాయికి ఎందుకో మనసొప్పక, "పిన్నిగారూ, పొద్దున ఏం తిన్నారు?" అని అడిగింది. ఆమె అడిగినదానికి సంబంధం లేని సమాధానం ఇచ్చారు, మాట కూడా ముద్దగా వచ్చింది. అమ్మాయి ఫోన్ పెట్టేసి మెట్లెక్కి పరుగెత్తింది. గది మూసి ఉంది, ఫ్యాను వేడిగాలిని తిప్పుతోంది, ఆవిడ ఎదుటి మనిషిని గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నారు. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేలోపు తడి దుప్పట్లు కప్పి చల్లబరిచాం. ఆవిడ కోలుకున్నారు. ఈ నివేదిక చదివి వినిపించే సభలో ముందు వరసలో కూర్చుంటానని మాటిచ్చారు.

ఆ రోజు నుంచి మా ప్రశ్నలు మారాయి. ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు, ఏ రంగులో వచ్చింది, చివరిసారి నీళ్లు ఎప్పుడు తాగారు, కిటికీ తెరిచి ఉందా, ఇవాళ ఏ వారం? ఇలా ఆలోచించి జవాబు చెప్పాల్సినవే అడుగుతున్నాం. ఫోన్ ఎత్తకపోతే పది నిమిషాల్లో ఎవరో ఒకరు వెళ్లి తలుపు తడతారు. కొందరికి మొదట ఇది చొరవ ఎక్కువైనట్టు అనిపించింది. తర్వాత వాళ్లే ఫోన్ కోసం ఎదురుచూశారు.

పని చేస్తూ పడిపోయిన యువకుడు

ఇది చెప్పడం కష్టంగా ఉంది, తప్పు మనదే కనుక. మేడ మీద నీరు కారకుండా పూత వేయడానికి ఒక కాంట్రాక్టరు మనుషులను తెచ్చారు. అందులో ఒక అబ్బాయి అంతకు ముందు రోజే పనిలో చేరాడు. పాతికేళ్లు కూడా లేవు, గట్టి మనిషి. అతనికేమవుతుందిలే అని ఎవరూ పట్టించుకోలేదు. ఉదయం పదకొండు దాటాక మాట తడబడింది, అర్థంలేని కోపం చూపించాడు, తర్వాత కుప్పకూలాడు. ఒళ్లంతా చెమట. చెమట పడుతోంది కనుక వడదెబ్బ కాదని ఒకరన్నారు. అది పొరపాటు. శ్రమ చేస్తూ వడదెబ్బ తగిలినవాళ్లకు చెమట ధారగా కారుతూనే ఉండవచ్చు.

ఒకరు నీళ్లు తాగించబోతే మన సభ్యుల్లో నర్సుగా పనిచేసే ఆమె ఆపారు. సరిగ్గా స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసిరారు. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టారు. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. తర్వాత చూసిన డాక్టరుగారు, ముందే చల్లబరచడం వల్ల ప్రాణం దక్కిందన్నారు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు మీద ప్రభావం చూపితే ప్రతి నిమిషమూ లెక్కే. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. ఆస్పత్రికి తీసుకెళ్లాక చల్లబరుస్తారులే అని ఆగకూడదు. అంబులెన్సును పిలుస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి.

నీరసం, తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం ఉన్నా మనిషి తెలివిగా మాట్లాడుతుంటే నీడకు చేర్చి, చల్లబరిచి, కొద్దికొద్దిగా నీళ్లో ఓఆర్‌ఎస్ ద్రావణమో ఇవ్వవచ్చు. గంటలోపు తేరుకోకపోయినా, వాంతులు ఆగకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. మాట తేడా వచ్చిందంటే మాత్రం ఎదురుచూడకూడదు. పెద్దావిడ విషయంలోనూ, ఈ అబ్బాయి విషయంలోనూ ముందు మారింది మాటే.

కొత్తవాళ్లకే ఎక్కువ ప్రమాదమని మనకు తెలియదు. వేడికి శరీరం అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా చెప్పేదాని ప్రకారం, బయట పనిచేస్తూ వేడికి చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే చనిపోతున్నారు. కొత్త మనిషికి మొదటి రోజు మామూలు పనిలో 20 శాతమే ఇచ్చి, రోజుకు మరో 20 శాతానికి మించకుండా పెంచమని ఆ సంస్థ సూచన. ఇకమీదట మన ఆవరణలో ఎవరు పనిచేసినా ఈ పద్ధతి, వడగాడ్పుల రోజుల్లో మధ్యాహ్నం పని నిలిపివేత, జతగా పనిచేసే ఏర్పాటు ఒప్పందంలోనే రాయించాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ అబ్బాయి పనికి వెళ్లలేని రోజుల కూలి సంఘమే ఇచ్చింది.

నీళ్లు, మందులు

వేడిలో పనిచేసేవాళ్లు ప్రతి 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్ల నీళ్లు తాగాలి. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. అలాగని గంటకు లీటరున్నర మించి తాగితే రక్తంలో సోడియం పలచబడి అదో ప్రమాదం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం దాని మీద రాసిన కొలత నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం ఇప్పుడు, సగం తర్వాత అని విడగొడితే పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. గుండె, కిడ్నీ జబ్బులవల్ల నీళ్లు తక్కువ తాగమని డాక్టరు చెప్పినవాళ్లు వేసవిలో ఎంత తాగాలో ముందే అడిగి రాయించుకోవాలి.

మందుల గురించి మనం ఆలస్యంగా మేలుకున్నాం. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు శరీరం వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. ఇది విన్న ఒక సభ్యుడు భయపడి తనంతట తానే మాత్రలు ఆపేశారు. దయచేసి అలా చేయకండి, దానివల్ల ఇంకా పెద్ద ముప్పు రావచ్చు. వేసవి మొదలయ్యే ముందే మీ మందుల చీటీ డాక్టరుకు చూపించండి. వాడుతున్న ఇన్సులిన్‌ను 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి.

పిల్లల గురించి ఒక్క మాట. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే 11 డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. కిటికీ కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. ఒక్క నిమిషమే కదా అని పిల్లలను లోపల వదలకండి.

వచ్చే వేసవికి

2010 మేలో అహ్మదాబాదులో 46.8 డిగ్రీల ఎండకు వందల మంది చనిపోయాక, ఆ నగరం 2013లో దక్షిణాసియాలోనే మొదటి వేడి నివారణ ప్రణాళికను తెచ్చింది. ముందస్తు హెచ్చరిక, ఆస్పత్రి సిబ్బందికి శిక్షణ, జనానికి అర్థమయ్యేలా చెప్పడం అందులో ప్రధానమైనవి. ఏటా వెయ్యికి పైగా మరణాలు తప్పాయని తర్వాత జరిగిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇందులో మన స్థాయిలో చేయలేని పని నాకేమీ కనిపించలేదు.

కింది అంతస్తులోని హాలును ఈసారి చల్లగది చేశాం కానీ సాయంత్రం ఆరింటికే తాళం వేశాం. పై అంతస్తువాళ్లకు అసలు అవసరం మొదలయ్యేది ఆ తర్వాతే. వచ్చే వేసవిలో రాత్రంతా తెరిచి ఉంచుతాం. పడుకోవడానికి ఏర్పాటు, కరెంటు పోతే ఫ్యాన్లు నడిచే బ్యాటరీ ఉంటాయి. మెట్లు దిగలేనివాళ్లను చీకటి పడకముందే దించే బాధ్యత అంతస్తుకు ఇద్దరు చొప్పున తీసుకుంటారు. లిఫ్టు ఆగిపోయాక ఎలా దించాలా అని ఈసారి పడిన టెన్షన్ మళ్లీ పడనక్కర్లేదు. మేడకు తెల్ల పూత వేయాలన్న ప్రతిపాదన ఈ సభ ముందుంది. దాన్ని ఆమోదించమని కోరుతున్నాను.

ఫోన్ల జాబితాను కొత్తగా తయారు చేస్తున్నాం. ఒంటరిగా ఉంటున్నవారు, ఒంటరిగా ఉంటున్నవారి పక్కింటివారు తమ పేర్లు ఈ సభ ముగిసేలోపు నమోదు పుస్తకంలో రాయాలి. తాళంచెవి ఒకటి ఎవరి దగ్గర ఉంచుతారో కూడా పేరు పక్కన రాయండి. మొన్న పెద్దావిడ తలుపు గడియ వేసి లేకపోవడం మన అదృష్టం.