ఎర్రబడిన కన్నల్లా కలక కాదు

సంపాదకులకు నమస్కారం.

వానకాలం మొదలైన దగ్గర నుంచి మీ ఆరోగ్య పేజీలో కండ్లకలక గురించి వస్తున్న సూచనలను చదువుతున్నాను. ఒకరి తువ్వాలు మరొకరు వాడవద్దని, చేతులు తరచూ కడుక్కోవాలని, చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుందని రాసినవన్నీ సరైనవే. అయితే నొప్పి పెడుతూ, వెలుతురు భరించలేక, చూపు మసకబారుతూ ఎర్రబడిన కన్ను కలక కాకపోవచ్చునని, అప్పుడు తగ్గుతుందిలే అని ఆగడం ప్రమాదమని ఆ సూచనల్లో ఎక్కడా కనిపించలేదు. 14 ఏళ్లుగా అటువంటి కంటితోనే బతుకుతున్నవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకున్న జబ్బు పేరు యువైటిస్. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరను ఐరిస్ అంటారు. బయటి సూక్ష్మజీవి ఏదీ లేకపోయినా, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఆ పొర మీద తిరగబడి దాన్ని వాచేలా చేస్తుంది. 29వ ఏట మొదటిసారి వచ్చిన ఈ జబ్బు ఇప్పటికి 9 సార్లు తిరగబెట్టింది. 6 సార్లు కుడికంట్లో, 3 సార్లు ఎడమకంట్లో, ఎన్నడూ రెండింటిలో ఒకేసారి కాదు. మొదటి రోజు కనుబొమ లోపల సన్నగా సలుపు మొదలవుతుంది. మర్నాటికి ట్యూబ్‌లైటు వేస్తే కన్ను తెరవలేను. చిత్రమేమిటంటే, జబ్బు కన్నును అరచేత్తో మూసుకుని బాగున్న కంటితో కిటికీ వైపు చూసినా మూసిన కన్నే పోటెత్తుతుంది, ఎందుకంటే వెలుతురు ఏ కంట్లో పడినా రెండు పాపలూ కలిసే ముడుచుకుంటాయి. కలకలోలాగా పుసులు కట్టవు, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోవు. ఎరుపు కూడా కన్నంతా పరుచుకోకుండా నల్లగుడ్డు చుట్టూ కడియంలా చిక్కగా కనిపిస్తుంది.

ఈ తేడాలేవీ తెలియని ఆ మొదటిసారి, మందుల షాపులో కలకకని ఇచ్చిన చుక్కలను 5 రోజులు వేసుకున్నాను. మా అమ్మ కంటిమీద నందివర్ధనం పూలు పెట్టేది. వాటి చల్లదనం హాయిగానే ఉండేది, అవి ఏ అపకారమూ చేయలేదు. కానీ ఆ 5 రోజుల్లో లోపల ఐరిస్ వెళ్లి వెనకనున్న లెన్సుకు రెండు చోట్ల అతుక్కుంది. గుండ్రంగా ఉండవలసిన కంటిపాప అంచు ఎలుక కొరికినట్టు తయారైంది. ఆ అతుకుల్లో ఒకటి నేటికీ విడలేదు.

కంటి డాక్టరు ఈ జబ్బును పసిగట్టేది స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో. మధ్యాహ్నం పూట పెంకుటింట్లో పెంకుల సందు నుంచి పడే ఎండలో దుమ్ము కణాలు తేలుతూ కనిపిస్తాయి కదా, సరిగ్గా అలాగే ఆ పరికరం పంపే సన్నని కాంతి రేఖలో, కంటి ముందు భాగంలోని ద్రవంలో తేలే తెల్ల రక్తకణాలు కనిపిస్తాయి. టార్చిలైటుకు అవి కనబడవు. కౌంటరుకు ఇవతల నిలబడిన మనిషి కన్ను చూసి మందు ఇచ్చేవారికి అసలే కనబడవు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

నా వైద్యం ముఖ్యంగా రెండు రకాల చుక్కలు. ఒకటి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. మొదట్లో గంట గంటకూ వేసుకుంటూ, తరువాత వారాల తరబడి మెట్టు మెట్టుగా తగ్గించుకుంటూ రావాలి. నొప్పి పోయిందని ఒక్కసారిగా ఆపి రెండుసార్లు దెబ్బతిన్నాను. రెండోది కంటిపాపను విప్పార్చే అట్రోపిన్ జాతి మందు. అది నొప్పిని తగ్గిస్తుంది, ఐరిస్ అతుక్కోకుండా చూస్తుంది, కాకపోతే వేసుకున్నన్నాళ్లూ దగ్గరి అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తాయి. పరీక్ష పేపర్లు దిద్దవలసిన ఉపాధ్యాయుడికి ఇది ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కర్లేదు. 2023 వానకాలంలో కలక ఊళ్లకు ఊళ్లను చుట్టబెట్టినప్పుడు నాకు ఇది తిరగబెట్టింది. నల్ల కళ్లద్దాలు చూసి బస్సులో పక్కవారు లేచి వేరే సీటు వెతుక్కున్నారు. నాది అంటుకునే జబ్బు కాదని ఎంతమందికి చెప్పగలను?

దీనికి మూలం కొందరిలో క్షయ కావచ్చు కనుక ముందు దానికి పరీక్షలు చేశారు. చాలామందిలో ఏ కారణమూ దొరకదట. నా విషయంలో మాత్రం నాలుగోసారి వచ్చినప్పుడు ఒక వైద్యురాలు, తెల్లవారుజామున నడుము బిగుసుకుపోయి కాస్త తిరిగాక సర్దుకుంటుందా అని అడిగారు. అయిదారేళ్లుగా అంతే, బైకు ప్రయాణాల వల్ల అనుకుంటూ వచ్చాను. రక్తపరీక్షలో హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యు గుర్తు ఉన్నట్టు తేలింది. వెన్నెముకను బిగించే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌కు దీనితో ఉన్న సంబంధం 1973లోనే బయటపడింది. ఆ గుర్తు ఉన్నవారిలో అత్యధికులకు ఏ జబ్బూ రాదు కనుక ఎవరూ కంగారుపడి పరీక్షలకు పరుగెత్తనక్కర్లేదు. కన్ను, నడుము రెండూ బాధిస్తుంటే మాత్రం ఆ రెండింటి సంగతీ ఒకే డాక్టరుకు చెప్పడం మంచిది.

ఇక రాయడానికి చేయి ఆడని సంగతి. మూడేళ్ల కిందట వరి కోతలప్పుడు మా బావమరిది కంట్లో వడ్ల పొట్టు పడి కన్ను ఎర్రబడింది, నొప్పి పెట్టింది. ఈ జబ్బు గురించి నాకంతా తెలుసన్న ధీమాతో నా స్టెరాయిడ్ సీసాలో మిగిలిన మందును అతనికి ఇచ్చాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. నేను డాక్టర్ని అయ్యానని నవ్వాడు కూడా. వారానికి నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ లేచింది. పుండును గీసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ అని తేలింది. పొలాల్లో ఆకో, పొట్టో తగిలిన కంట్లో ఇది పుట్టడం మన ప్రాంతంలో అరుదు కాదని, స్టెరాయిడ్ శరీరపు ప్రతిఘటనను అణచివేయడంతో అది అడ్డులేకుండా లోపలికి పాకిందని డాక్టరు చెప్పారు. రెండు నెలల వైద్యం తరువాత పుండు మానింది గాని కంట్లో పువ్వు మిగిలిపోయింది. ఆ కంటితో ఇప్పుడు అతను వెలుగు నీడలను పోల్చుకుంటాడు, మనుషులను కాదు. నా కన్నును 9 సార్లు కాపాడిన మందే అతని కన్నును తీసింది. రెండు కళ్లూ పైకి ఒకే ఎరుపు.

హెర్పిస్ వైరస్ వల్ల నల్లగుడ్డు మీద లేచే పుండులోనూ స్టెరాయిడ్ ఇలాగే చేటు చేస్తుంది. అవసరమైన జబ్బులోనైనా, తనిఖీ లేకుండా నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, కొందరిలో శుక్లాలు వస్తాయి. అందుకే 1945 నాటి ఔషధ నిబంధనల్లో ఈ మందులు షెడ్యూల్ హెచ్ కింద ఉన్నాయి. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. ఆచరణలో, కన్ను ఎర్రబడిందని చెబితే చాలు, యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు చేతికి వచ్చిన సందర్భాలు నా వరకే మూడు ఉన్నాయి. ఔషధ నియంత్రణ అధికారులు నిద్రమాత్రల అమ్మకం మీద చూపే శ్రద్ధలో కొంతైనా వీటి మీద చూపాలని కోరుతున్నాను.

కండ్లకలక గురించి మీరు ప్రచురించే ప్రతి సూచన కిందా, నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు మందగించడం, కంట్లో ఏదైనా పడడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు కంటి డాక్టరుకు చూపించుకోవాలని, మిగిలిపోయిన చుక్కల మందు ఎవరికీ ఇవ్వవద్దని రెండు వరుసలు చేర్చవలసిందిగా మనవి. నా పేరు మాత్రం ప్రచురించకండి. బావమరిది కంటి సంగతి మా ఇంట్లో ఇంకా ఎవరమూ పైకి మాట్లాడుకోలేకపోతున్నాం.

— ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు, సూర్యాపేట జిల్లా